ఐర్లండువారి వసంతపు విందు

మార్చి నెల 17వ తేదీని ఐర్లండు దేశీయులు తమ జాతీయోత్సవమును జరుపుకొందురు. దానికి సెయింట్ పాట్రిక్ దినమని పేరు. మన నాట మామిడి పూత పిందెలుగా మారి, వేపచెట్లు చివురించి, ఉగాది దగ్గరపడుచుండు దినములవి. ఐర్లండులో అప్పటికింకను చలి పూర్తిగా వీడదు. ఈదురుగాలియు, సన్నని వానయు సామాన్యము. అయినను వారి సంప్రదాయము ననుసరించి ఫిబ్రవరి 1వ తేదీన, సెయింట్ బ్రిజిడ్ పేరిట జరుగు పండుగతోనే వసంతము ప్రవేశించినట్లు లెక్క. పాడి పశువులకును, పాలకును, వెన్నకును ఆ సాధ్వి రక్షకురాలని ఆ దేశపు పల్లెజనుల నమ్మకము. 2023వ సంవత్సరము మొదలు ఆ పండుగ పేర కూడ ప్రభుత్వము సెలవు నిచ్చుచున్నది. ఈ విధముగ బ్రిజిడ్ పండుగతో మొదలైన వసంతము పాట్రిక్ పండుగనాటికి నిలద్రొక్కుకొనును.

పాట్రిక్ దినమున లోకమందలి పెద్ద నగరములలో కనబడు వేడుక లెన్నియో కలవు. అమెరికాలోని చికాగో నగరమున 1962 మొదలు నది నీటికే ఆకుపచ్చరంగు కలుపుచున్నారు. బీరులో రంగు, రొట్టెలో రంగు, మిఠాయిలో రంగు. ఎచట చూచినను పచ్చదనమే. ఈ దృశ్యములను చూచినవారికి ఐర్లండువారి పండుగ వంట యనగా రంగు కలిపిన పానీయములే కాబోలునని తోచును. ఇది పొరపాటు. ఆ దేశపు పల్లెటి యింటిలో ఆనాడు బల్లమీదికి వచ్చునవి మజ్జిగతో చేసిన రొట్టె, బంగాళాదుంప అట్టు, చిక్కని తేనీరు. వాని వెనుక నున్న కథను చెప్పి, మన వంటయిండ్లలో వానిని చేసికొను విధమును గూడ తెలుపుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

ఐర్లండు మనకు బొత్తిగా పరాయిది కాదు. తెలుగు కుటుంబమున జన్మించి, 1969లో భారత రాష్ట్రపతి పదవి నధిష్ఠించిన వరాహగిరి వేంకటగిరిగారు యౌవనమున న్యాయశాస్త్రము చదివినది డబ్లిను నగరముననే. 1913 నుండి 1916 వరకు వారచట నుండిరి. ఇక రవీంద్రనాథ ఠాకూరు 1919 ఫిబ్రవరిలో మదనపల్లెకు వచ్చియున్నపుడు 'జనగణమన' గీతమునకు స్వరములు వ్రాసి నిలిపిన మార్గరెట్ కజిన్సు ఐర్లండు వనితయే. ఆమె భర్త జేమ్సు కజిన్సు అచటి కళాశాలకు అధ్యక్షుడుగ నుండెను. అట్టి ఇరుగుపొరుగుతనము గల దేశపు పండుగనాటి పళ్ళెములో ఏమున్నదో తెలిసికొనుట మనకు వింతయు కాదు, వ్యర్థమును కాదు.

పాట్రిక్ ఐదవ శతాబ్దివాడు. రోమనుల యేలుబడిలోని బ్రిటనులో జన్మించెను. పదునారేండ్ల ప్రాయమున సముద్రపు దొంగలు అతనిని పట్టుకొని ఐర్లండునకు కొనిపోయి బానిసగా చేసిరి. ఆరు సంవత్సరములు అతడు పశువులను కాచెను. పిమ్మట తప్పించుకొని స్వదేశము చేరెను. కొంతకాలమునకు మతబోధకుడై, తనను బానిసగ చేసిన దేశమునకే తిరిగివచ్చెను. మూడాకులు గల షామ్రాక్ అను చిన్న మొక్కను చేతబట్టి త్రిమూర్తి తత్త్వమును బోధించెనని కథ. ఇది చాల కాలము తరువాత పుట్టిన కథ. అయినను ఆ యాకును దుస్తులకు ధరించుట 17వ శతాబ్దినాటికే ఆచారమైనది. ఒక విశేషము: పూర్వము పాట్రిక్ పేరుతో ముడిపడిన రంగు ఆకుపచ్చ కాదు, నీలము. 1783లో ఆయన పేర నెలకొల్పిన బిరుదు సంఘమునకు లేత నీలపు పట్టీయే గుర్తు. దేశాభిమానము పెరిగినకొలది ఆకుపచ్చ ముందుకు వచ్చినది.

ఇపుడు పండుగ వంటకు మూలమైన విషయమునకు వత్తము. మార్చి 17వ తేదీ క్రైస్తవుల నలువది దినముల ఉపవాస కాలములో పడును. ఆ దినములలో పూర్వము మాంసము నిషేధము. గట్టి నియమము పాటించు ఇండ్లలో గ్రుడ్డు, పాలు, వెన్న కూడ ముట్టెడివారు కారు. ఓట్సు జావ, చేప, దుంప, వట్టి తేనీరు, ఇంతే ఆహారము. అట్టి కఠిన దీక్ష నడుమ పాట్రిక్ దినమున మాత్రము సడలింపు ఉండెడిది. ఆ యొక్కనాడు మాంసము తినవచ్చును, వెన్న పూసికొనవచ్చును, వ్రతముగ మద్యము మానినవాడు ఒక పాత్ర త్రాగవచ్చును. కావున ఆనాటి విందు సంపన్నతకు గుర్తు కాదు. నియమము నడుమ దొరకిన ఒకనాటి సెలవు. నిన్న లేని వెన్న నేడు కలదు, రేపు మరల ఉండదు. ఆ రుచి ఎంతటిదో ఉపవాసమెరిగిన మన పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఐర్లండులో ఈ పండుగ చాలకాలము త్రాగుడు పండుగ కాదన్న మాట వినువారికి ఆశ్చర్యము కలిగించును. 1903లో ఆ దినమును చట్టరీత్యా సెలవుగా ప్రకటించిరి. స్వతంత్ర రాజ్య మేర్పడిన పిమ్మట 1920 దశకమున, ఆ దినమున మద్యశాలలు మూసివేయవలెనని శాసనము చేసిరి. ఆ నిషేధము 1960 దశకపు తొలినాళ్ళలో గాని తొలగలేదు. అంతవరకు ఆనాడు ఉదయము ప్రార్థన, పిమ్మట ఊరేగింపు, మధ్యాహ్నము ఇంటి భోజనము, ఆటల పోటీలు, ఇదియే పండుగ. డబ్లినులో జరుగు శునక ప్రదర్శనశాలలో మాత్రము మద్యము విక్రయించుటకు అనుమతి ఉండెడిది. అందుచేత ఆ యొక్కనాడు కుక్కలపై ప్రీతి గలవారి సంఖ్య హఠాత్తుగ పెరిగెడిదని అచటివారు నేటికిని చెప్పుకొని నవ్వుకొందురు.

ఆ యింటి భోజనములో మొదట చెప్పదగినది సోడా రొట్టె. ఐర్లండు వాతావరణమున పండు గోధుమ మెత్తని జాతిది. దానిలో జిగట తక్కువ గనుక పులియబెట్టి పొంగించు రొట్టెకు అంతగా తగదు. పైగా పేదయింటిలో పొయ్యిగూడు ఉండెడిది కాదు. 1830, 40 ప్రాంతములలో వంటసోడా అచట అంగళ్ళలోనికి వచ్చినది. ఇంటిలో మజ్జిగ ఎటులను కలదు. మజ్జిగలోని ఆమ్లము సోడాతో కలిసినంతనే బొగ్గుపులుసు వాయువు పుట్టును. ఆ వాయువు పిండిలో లెక్కలేనన్ని చిన్న బుడగలై నిలిచి రొట్టెను గుల్లపరచును. పులియుటకు గంటలకొలది కాచుకొననక్కర లేదు. కలిపిన ముప్పావుగంటలో రొట్టె సిద్ధము. మూతగల ఇనుప పాత్రలో పిండిముద్ద నుంచి, క్రింద పీటు నిప్పు, మూతపైన కణకణలాడు పీటు బొగ్గులు పేర్చి కాల్చెడివారు.

మజ్జిగ ఎటులను కలదంటిమి. ఎందుచేత కలదో గూడ చెప్పవలెను. 19వ శతాబ్దిలో ఐర్లండు వెన్న దేశదేశములకు ఎగుమతి యయ్యెడిది. కార్క్ పట్టణపు వెన్న బజారు ప్రపంచమున మిక్కిలి పెద్దవానిలో ఒకటి. కాని వెన్న తీసిన రైతు దానిని తినుట అరుదు. అమ్మి భూస్వామికి కౌలు చెల్లించెడివాడు. చిలికిన తరువాత మిగిలిన మజ్జిగ మాత్రమే పిల్లలకు దక్కెడిది. అనగా సోడా రొట్టెను పొంగించినది, వెన్న ఊరు దాటిన పిదప ఇంట మిగిలిన మజ్జిగ. పండుగనాడు దానిపై దట్టముగ వెన్న పూసి తినుటలోని సంతోషమును ఇపుడు మనము సరిగ గ్రహింపగలము.

ఈ రొట్టెను మేము రెండు మారులు చేసి చూచితిమి. మొదటి మారు మన యింటి త్రాగు మజ్జిగనే పోసితిమి. అది పలుచన; పులుపు చాలదు. రొట్టె లేవక, సోడా వాసన వేసి, కత్తికి లొంగని ముద్దయై కూర్చున్నది. రెండవ మారు ముందునాటి పుల్లని పెరుగును కొంచెము నీటితో చిలికి, దోసెపిండివలె చిక్కగ ఉండునట్లు చేసి పోసితిమి. అపుడు చక్కగ వచ్చినది. పొయ్యిపెట్టె లేని యిండ్లవారికి ఉత్తరాది ఐర్లండు పద్ధతి అనుకూలము. దానిని పెనముమీదనే కాల్తురు. పావుకిలో మైదాపిండి, అర చెంచా వంటసోడా, అర చెంచా ఉప్పు కలిపి జల్లించవలెను. నడుమ గుంట చేసి, చిలికిన పుల్లని పెరుగు ఒక గ్లాసెడు, అనగా సుమారు 200 మిల్లీలీటర్లు, పోసి చేతివ్రేళ్ళతో తేలికగ కలుపవలెను. చపాతిపిండివలె పిసుకరాదు, పిసికినచో బుడగలు చెడి రొట్టె బిగిసిపోవును. ఆలస్యమును కూడదు, కలిపిన క్షణము నుండియే వాయువు పుట్టి పోవుచుండును. ముద్దను అర అంగుళము మందమున గుండ్రముగ వత్తి, నాలుగు భాగములుగ కోసి, పొడిపిండి చల్లిన పెనముపై సన్నని సెగను ఒక్కొక్క వైపు ఎనిమిది, పది నిమిషములు కాల్చవలెను. అంచులను గూడ కొంచెముసేపు పెనమున కానించి నిలబెట్టవలెను. వేడిగ నున్నపుడే చీల్చి, వెన్న పూసి తినవలెను. ఈ నాలుగవవంతు ముక్కలను అచటివారు ఫార్లు అందురు.

పొయ్యిపెట్టె గల యిండ్లవారు రెట్టింపు పాళ్ళతో పిండి కలిపి, సగము మైదాకు బదులు గోధుమపిండి వాడి, గుండ్రని ముద్దగనే ఉంచి, దానిపై కత్తితో లోతుగ అడ్డము నిలువు గాట్లు పెట్టి, 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో ముప్పావుగంట కాల్పవచ్చును. ఆ గాటు శిలువ గుర్తని భక్తులందురు. వంటవారి దృష్టిలో దాని ప్రయోజనము వేరు; వేడిమి నడిమి భాగమునకు చేరుటకును, నాలుగు భాగములుగ విరుచుకొనుటకును అది తోడ్పడును. రొట్టెను తలక్రిందులు చేసి అడుగున వ్రేలితో తట్టినపుడు డొల్ల శబ్దము వచ్చినచో ఉడికినట్లు గుర్తు.

రెండవది బంగాళాదుంప. ఇచట కథ కొంత బరువెక్కును. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఈ దుంప 18వ శతాబ్ది ముగియునాటికి ఐర్లండు పేదలకు ఇంచుమించు ఏకైక ఆహారమైనది. కొద్దిపాటి నేలలో ఒక కుటుంబమునకు ఏడాది పొడుగున సరిపడు తిండి పండును. మిగిలిన నేలలోని ధాన్యము కౌలుక్రింద పోవును. దుంపయు, మజ్జిగయు కలిసినచో దేహపోషణకు లోటులేదు. అయితే విస్తారముగ నాటినది లంపరు అను ఒకే రకము. 1845లో ఒక తెగులు వచ్చి పైరును పొలములోనే కుళ్ళించినది. మరుసటి యేడు మరింత నాశనము జరిగినది. కొన్ని సంవత్సరముల పాటు సాగిన ఆ కరువులో సుమారు పది లక్షలమంది ఆకలిచేతను, రోగములచేతను మరణించిరి. పది లక్షలకు పైగా ఓడలెక్కి దేశమును విడిచిరి. 1841 జనసంఖ్య 81 లక్షలకు పైబడియుండగా, 1851 నాటికి 65 లక్షల ప్రాంతమునకు తగ్గెను. ఆ కాలములోనే ఐర్లండు రేవులనుండి ధాన్యమును, వెన్నయు, పశువులును ఎగుమతి యగుచునే యుండెను. పండినది లేకకాదు, పండినది తమది కాకపోవుటచేత ప్రజలు ఆకలిగొనిరి.

ఇంత దుఃఖము కలిగించిన దుంపను ఆ జాతి విడిచిపెట్టినదా? లేదు. నేటికిని పండుగ పళ్ళెములో దానిదే పెద్దపీట. నేరము దుంపది కాదని వారికి తెలియును. ఉడికించిన దుంపలను మెత్తగ మెదిపి, వేడిపాలు పోసి, సన్నగ తరిగిన ఉల్లికాడలు కలిపినది చాంప్. ఉల్లికాడలతోపాటు ఉడికించిన క్యాబేజీయో, కేల్ అను ఆకుకూరయో చేర్చినది కోల్‌కానన్. రెంటికిని ఒక మర్యాద కలదు. పళ్ళెములో గుట్టగ పోసి, నడుమ గుంట చేసి, ఆ గుంటలో వెన్న ముద్ద నుంతురు. అది కరగి చిన్న చెరువువలె నిలుచును. అంచునుండి ఒక్కొక్క ముద్ద తీసి ఆ వెన్నలో ముంచుకొని తిందురు. వేడియన్నపు ముద్దలో నేతిగుంట చేసికొను పిల్లలు గల మన యిండ్లలో దీనికి వివరణ మక్కరలేదు.

ఫలహారమునకు మరింత అనువైనది బాక్స్టీ. ఇది ఐర్లండు ఉత్తర మధ్య భాగమందలి లీట్రిమ్, కావను మొదలగు జిల్లాల దుంప అట్టు. దీనిలో సగము పచ్చిదుంప, సగము ఉడికిన దుంప. పావుకిలో పచ్చిదుంపలను సన్నగ కోరి, గుడ్డలో మూటగట్టి గట్టిగ పిండవలెను. పావుకిలో ఉడికిన దుంపలను మెదిపి దానిలో కలుపవలెను. పావుకిలో మైదాపిండి, అర చెంచా సోడా, తగినంత ఉప్పు చేర్చి, చిలికిన పెరుగుతో ఊతప్పపు పిండి పాకమునకు తేవలెను. పెనముపై వెన్న వేసి, చిన్న చిన్న అట్లుగ పోసి, రెండువైపుల ఎఱ్ఱగ కాల్పవలెను. పచ్చిదుంప అట్టునకు కరకరయు, ఉడికిన దుంప మెత్తదనమును ఇచ్చును. రెండును ఉండుటయే దీని రహస్యము. కోరిన దుంపను ఊరక ఉంచినచో నల్లబడును. కావున మిగిలినవన్నియు సిద్ధము చేసికొని చివరకు కోరవలెను. మిరియపు పొడి వారును వాడుదురు. పచ్చిమిరప మనము చేర్చుకొన్నచో ఎవరును ఆక్షేపింపరు.

ఓడలెక్కిన జనముతోపాటు పండుగయు సముద్రము దాటినది. న్యూయార్కు నగరమున 1762లోనే పాట్రిక్ దినపు ఊరేగింపు జరిగెను. డబ్లినులో 1931లో గాని ప్రభుత్వపక్షమున ఊరేగింపు మొదలు కాలేదు. అనగా ఊరేగింపు ఉత్సాహము ఇంటికంటె పరదేశముననే ముందు పెరిగినది. వంటకములు సైతము మారినవి. స్వదేశమున పండుగనాటి మాంసము ఉప్పువేసిన పందిమాంసము, తోడు క్యాబేజీ. న్యూయార్కులో అది ప్రియము. పొరుగున నివసించు యూదుల అంగళ్ళలో ఉప్పులో ఊరవేసిన గోమాంసము చవుకగ దొరకెడిది. వలస వచ్చినవారు దానినే కొని క్యాబేజీతో ఉడికించిరి. లోకము నేడు దానినే ఐర్లండు జాతీయ వంటకమనుచున్నది. ఆకుపచ్చ బీరు కూడ 20వ శతాబ్ది ప్రథమ భాగమున అమెరికాలో పుట్టిన వేడుకయే. ఇవి అబద్ధపు వంటకములని మేము అనము. ఊరు విడిచినవాడు ఉన్నదానితో పండుగ చేసికొనును. కాని ఏది యింటిది, ఏది వలసలో పుట్టినది అను తెలివి మనకుండుట మేలు.

ఇక పానీయములు. ఐర్లండు ఇంటిలో మొదటి పానీయము తేనీరు. తలసరి తేయాకు వాడకములో ఆ దేశము ప్రపంచమున ముందు వరుసలో నున్నది. వారికి నచ్చునది నల్లగ, గట్టిగ దిగు తేనీరు. అందులకు మన అస్సాము తేయాకే చిరకాలముగ ఆధారము. ఇటీవలి దశాబ్దులలో ఆఫ్రికా తేయాకును కూడ కలుపుచున్నారు. కుండను మొదట వేడినీటితో తొలిచి, ఆకు వేసి, సలసల మరుగు నీరు పోసి, మూతపెట్టి, నాలుగైదు నిమిషములు ఊరనిత్తురు. ఆ పిమ్మట ధారాళముగ పాలు కలుపుదురు. మనవలె ఆకును పాలతో కలిపి కాచుట వారి పద్ధతి కాదు. వెన్న పూసిన సోడా రొట్టెకు ఇంతకంటె మంచి తోడు లేదు.

మద్యమును గూర్చియు ఉన్నమాట చెప్పవలెను. విస్కీ అను పదమునకు మూలము ఐరిష్ భాషలోని 'ఇష్కె బాహా'. జీవజలమని దాని యర్థము. నల్లని స్టౌటు బీరుకు ఆ రంగు మాడ్చిన బార్లీవలన వచ్చును. బీరు తయారుచేయుటకు ఆర్థర్ గిన్నిస్ 1759లో డబ్లినులోని స్థలమును 9000 సంవత్సరములకు, ఏటికి 45 పౌండ్ల చొప్పున కౌలుకు తీసికొనెను. పండుగ రాత్రి చివరి పాత్రలో షామ్రాక్ ఆకును ముంచి, త్రాగి, ఆ యాకును ఎడమ భుజము మీదుగ వెనుకకు విసరుట పాత ఆచారము. దీనిని షామ్రాక్‌ను ముంచుట యందురు. అయితే ఈ త్రాగుడు వలన కాపురములు చెడుట చూచి దుఃఖించినవారును ఆ దేశముననే పుట్టిరి. ఫాదర్ మాథ్యూ అను మతాచార్యుడు 1838లో కార్క్ పట్టణమున మద్యపాన విసర్జనోద్యమమును ప్రారంభింపగా, కొద్ది సంవత్సరములలో లక్షలాది జనులు ప్రమాణము చేసిరి. 1898లో నెలకొల్పిన పయొనీర్ సంఘమువారు జీవితాంతము మద్యము ముట్టమని ప్రమాణము చేసి, చిన్న గుర్తును ఛాతీమీద ధరింతురు. కాబట్టి పాట్రిక్ పండుగను మద్యము లేక జరుపుట ఆచారమునకు విరుద్ధము కాదు. అదియు ఐర్లండు ఆచారమే.

ఐర్లండు పేరు మోయుచు లోకమంతట ప్రసిద్ధికెక్కిన మరొక పానీయము ఐరిష్ కాఫీ. ఇది ప్రాచీనము కాదు. లిమరిక్ జిల్లాలోని ఫాయిన్స్ అనుచోట 1940 దశకమున, అట్లాంటిక్ సముద్రమును దాటు నీటివిమానములు ఆగెడివి. అచటి వంటశాల అధికారి జో షెరిడను చలికి వడకుచు దిగిన ప్రయాణికుల సేదదీర్చుటకు వేడి కాఫీలో విస్కీయు, చక్కెరయు వేసి, పైన క్రీము తేల్చి ఇచ్చెను. 1952లో అది శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు చేరినది. అచట చేయబూనినవారికి మొదట క్రీము నిలువక మునిగిపోయినదట. దానికి కారణము తెలిసినచో ఎవరైనను చేయగలరు.

క్రీములోని కొవ్వు నీటికంటె తేలిక. దానిని కొంచెముగ గిలకొట్టినచో గాలి చేరి మరింత తేలికయగును. కాఫీలో చక్కెర కరగినకొలది ద్రవము బరువెక్కును. దానిపై క్రీము తేలును. విస్కీ కాఫీని తేలికపరచును. అందుచే అది చేరినపుడు చక్కెర తప్పనిసరి. విస్కీ లేనియెడల క్రీము మరింత సులభముగ నిలుచును. మన డికాక్షనుకు ఇంతకంటె మంచి వినియోగము లేదు. గాజు గ్లాసును వేడినీటితో తొలిచి, చిక్కని డికాక్షనులో వేడినీరు కలిపి ముప్పాతిక వంతు పోసి, రెండు చెంచాల బెల్లపు పొడి గాని, ఎఱ్ఱ చక్కెర గాని వేసి పూర్తిగ కరగించవలెను. చల్లబరచిన చిక్కని క్రీమును, గరిటె జారునంత మాత్రమే గిలకొట్టి, చెంచాను బోర్లించి కాఫీకి తాకించి, దాని వీపుమీదుగ మెల్లగ పోయవలెను. నల్లని కాఫీపై తెల్లని పొర అంగుళము మందమున నిలుచును. మన చేతితో తీసిన మీగడ గడ్డలుగ ఉండును గనుక దీనికి తగదు. కలియబెట్టక త్రాగవలెను; చల్లని క్రీము పొరగుండ వేడి కాఫీ పెదవులకు చేరుటలోనే దాని సొగసు. మా యింట మద్యము లేకయే దీనిని చేసితిమి, లోటు కనబడలేదు.

పిల్లలకు పచ్చని పానీయము లేనిదే పండుగ కాదు. దానికి అంగడి రంగు పనిలేదు. పుదీన ఆకులను నూరి వడగట్టి, నిమ్మరసమును, చక్కెర పానకమును చేర్చి, చల్లని నీరు కలిపినచో సహజమైన లేతపచ్చ వచ్చును. ఇది ఐర్లండుది కాదు, మనది. న్యూయార్కువారు మాంసమును మార్చుకొన్నట్లే మనము పానీయమును మార్చుకొన్నాము. దాచక చెప్పినచో తప్పులేదు.

ఒక సాయంకాలము నలుగురు స్నేహితులను పిలిచి ఈ విందు చేయదలచినవారు ఎక్కువ పెట్టుకొనవలదు. ముందుగ చాంప్ కలిపి మూతపెట్టి ఉంచవచ్చును. అతిథులు వచ్చిన పిమ్మటనే సోడా ఫార్లు, బాక్స్టీ పెనముమీదికి పోవలెను. ఈ రెండును చల్లారినచో సగము విలువ పోవును. తేనీరు ముందు, క్రీము కాఫీ చివర. వెన్న విషయమున మాత్రము పొదుపు చూపరాదు. ఒకనాడు కౌలుక్రింద పోయిన ఆ వెన్న తిరిగి యింటి బల్లపైకి వచ్చుటయే ఈ పండుగలోని అసలు వేడుక.